వెండికి హక్కుదారు దొరికాడు, మనుషుల మాటేమిటి?



ఈ సభలో మాట్లాడవలసిందని పెద్దలు కోరినప్పుడు, నేటి సమస్యలు ఇన్ని ఉండగా ఎనభై ఏళ్లనాటి ఓడ కథ దేనికని కొందరు మిత్రులు అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానం మా ప్రసంగమంతా. క్లుప్తంగా ముందే మనవి చేస్తాము. ఒక ఓడ మునిగింది. అందులో వెండి ఉంది, మనుషులు ఉన్నారు. వెండి కోసం సముద్రగర్భాన్ని గాలించారు, న్యాయస్థానాలలో ఏళ్ల తరబడి వాదించారు, చివరికి హక్కుదారును తేల్చారు. మనుషులలో చాలామంది మాత్రం ఒక అంకెగానే మిగిలిపోయారు. ఏ సమాజమైనా తన మృతులను అంకెలుగా వదిలేస్తే, కొంతకాలానికి బ్రతికున్నవారు కూడా అంకెలుగానే మిగులుతారు. జీవితకాలమంతా ప్రభుత్వ కార్యాలయాలలో రిజిస్టర్లు రాసి రిటైరైన మావంటి వారికి ఈ సంగతి బాగా తెలుసు.

ఆ ఓడ పేరు ఎస్.ఎస్. తిలావా. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీది. మన కోస్తా జిల్లాల వృద్ధులకు ఆ కంపెనీ కొత్తది కాదు. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి తెలుగు కూలీలను రంగూనుకు చేర్చినవి ఆ కంపెనీ స్టీమర్లే. 1924లో ఇంగ్లండులో నిర్మించిన తిలావా పది వేల టన్నుల ఓడ. 1942 నవంబరు 20న బొంబాయి రేవు నుంచి బయలుదేరింది. మొంబాసా, మపూటో మీదుగా డర్బన్ చేరాలి. మపూటోను ఆనాడు లొరెన్సో మార్కెస్ అనేవారు. ఓడలో 732 మంది ప్రయాణికులు, 222 మంది సిబ్బంది, నలుగురు ఫిరంగి సైనికులు ఉన్నారు. మొత్తం 958 మంది. వీరికి తోడు ఆరు వేల టన్నులకు పైగా సరుకు. ఆ సరుకులో 2,364 వెండి దిమ్మెలు. నాణేల తయారీ కోసం నాటి దక్షిణాఫ్రికా ప్రభుత్వం కొనుగోలు చేసిన వెండి అది.

ప్రయాణికులు ఎవరు? తూర్పు ఆఫ్రికాలోనూ దక్షిణాఫ్రికాలోనూ దుకాణాలు పెట్టుకున్న గుజరాతీలు, వారి భార్యలు, పిల్లలు, పంజాబు నుంచి పనికి వెళ్తున్నవారు. హిందువులు, ముస్లింలు, సిక్కులు ఒకే ఓడలో ఉన్నారు. యుద్ధంతో వారికి సంబంధం లేదు. అయితే యుద్ధం అప్పటికే మన తీరాలకు వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో జపాన్ యుద్ధనౌకలు వర్తక ఓడలను వరుసగా ముంచివేశాయి. పశ్చిమ సముద్రంలో ఆ పని జలాంతర్గాములది. ఓడ ఎక్కినవారికి భయం ఉండి ఉంటుంది. కానీ కుటుంబం అక్కడ, తాము ఇక్కడ. వెళ్లక తప్పదు.

నవంబరు 23 తెల్లవారుజామున, సీషెల్స్ దీవులకు ఈశాన్యంగా సుమారు 930 మైళ్ల దూరాన, ఐ-29 అనే జపాన్ జలాంతర్గామి తిలావాపై టార్పెడో ప్రయోగించింది. గాఢ నిద్రలో ఉన్నవారు ఉలిక్కిపడి లేచారు. మెట్ల దగ్గర, ప్రాణరక్షక పడవల దగ్గర తొక్కిసలాట జరిగింది. తొందరలో దించిన పడవలు కొన్ని తలకిందులయ్యాయి. మొదటి దెబ్బకు ఓడ మునగలేదు. అందువల్ల పడవలలో దూరం జరిగినవారు కొందరు ఓడ నిలిచేటట్టున్నదని తిరిగి దానివైపు రాసాగారు. అప్పుడు రెండవ టార్పెడో తగిలింది. ఈసారి ఓడ నిలువలేదు.

వైర్‌లెస్ అధికారి ఇ. బి. డంకన్ తన గది విడిచి రాలేదు. చివరి వరకు సహాయం కోసం సంకేతాలు పంపుతూనే ఓడతో పాటు మునిగిపోయాడు. ఆ సంకేతాల పుణ్యాన రెండు రోజుల తర్వాత, నవంబరు 25న, బ్రిటిష్ యుద్ధనౌక బర్మింగ్‌హామ్ అక్కడికి చేరింది. పడవల్లోనూ తెప్పల మీదా తేలుతున్న 674 మందిని ఎక్కించుకుంది. కార్తేజ్ అనే మరో ఓడ నలుగురిని కాపాడింది. బర్మింగ్‌హామ్ 27న బొంబాయి చేరింది. 958 మందిలో బ్రతికినవారు 678. తిరిగిరానివారు 280. వారిలో ప్రయాణికులు 252 మంది, సిబ్బంది 28 మంది. గుమాస్తాగిరి చేసినవారికి ఒక అలవాటు ఉంటుంది, ఎవరు చెప్పిన లెక్కనైనా కూడి చూసుకుంటారు. ఈ లెక్క సరిపోతుంది. లెక్క సరిపోయిందన్నంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. ప్రతి అంకె వెనుకా ఒక పేరు, తండ్రి పేరు, ఊరు రాస్తేనే రిజిస్టరు పూర్తయినట్టు.

సోదరులారా, ఆ ఓడ అడుగున ఎవరున్నారో ఒకసారి చూద్దాము. పైన తెల్ల అధికారులు. కింద బాయిలర్ గదుల్లో బొగ్గు విసిరేవారు, నూనె పోసేవారు, డెక్కు కడిగేవారు, తాళ్లు లాగేవారు, భోజనం వడ్డించేవారు. వీరిని ఆంగ్లేయులు లాస్కర్లు అన్నారు. అది మన లష్కర్ అన్న ఫారసీ మాటే. మన భాషలో ఖలాసీలు. వారి పెద్దను సారంగు అంటారు. కలకత్తా రేవులో ఎక్కే ఖలాసీలలో సిల్హెట్, చిట్టగాంగ్, నోవాఖలీ ప్రాంతాల ముస్లింలు ఎక్కువ. బొంబాయిలో ఎక్కేవారిలో కొంకణ తీరం, గుజరాతు, పంజాబు, మీర్‌పూర్, సరిహద్దు ప్రాంతాలవారు ఉండేవారు. గోవా క్రైస్తవులు వంటశాలల్లోనూ భోజనశాలల్లోనూ పనిచేసేవారు. రెండవ ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి బ్రిటిష్ వర్తక నౌకలలో పనిచేసే ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు భారతీయ నావికుడే. వారి జీతం అదే ఓడలోని ఆంగ్ల నావికుడి జీతంలో నాలుగో వంతు, కొన్నిచోట్ల అంతకన్నా తక్కువ. పడుకునే చోటూ ఇరుకే, తిండీ అంతంత మాత్రమే. టార్పెడో సాధారణంగా ఓడకు నీటిమట్టం కింద తగులుతుంది. అంటే మొదట నీరు వచ్చేది బాయిలర్ గదిలోకే. తక్కువ జీతగానికి ఎక్కువ ప్రమాదం అన్నమాట.

అలాగని వారు నోరులేని మూగజీవులు కారు. 1939లో యుద్ధం మొదలైన కొద్ది వారాలకే భారతీయ ఖలాసీలు జీతాల పెంపు కోసం, యుద్ధ ప్రమాదపు భత్యం కోసం రేవు రేవునా సమ్మె చేశారు. వందలాది మందిని జైళ్లలో వేశారు. అయినా లొంగలేదు. చివరికి కంపెనీలు జీతాలు పెంచక తప్పలేదు. వారికి నాయకత్వం వహించినవారిలో సిల్హెట్ ప్రాంతపు అఫ్తాబ్ అలీ ప్రముఖులు. స్వయంగా ఓడల్లో పనిచేసి, తర్వాత నావికుల సంఘాలను నిర్మించి, బెంగాల్ శాసనసభకు ఎన్నికైన వ్యక్తి. హక్కుల ఉద్యమం మనకు ఎవరో నేర్పిన కొత్త విద్య కాదు. మన తాతల తరం దాన్ని నడిసముద్రంలోనూ చేసి చూపింది. ఆ యుద్ధంలో వర్తక నౌకల్లో ప్రాణాలు కోల్పోయిన భారతీయ నావికులు ఆరు వేలకు పైచిలుకు. వారిలో ముస్లింలు పెద్ద సంఖ్యలో ఉన్నారు.

ఇప్పుడు మన హైదరాబాదుకు సంబంధించిన ఒక విషయం చెప్పాలి. తిలావాను ముంచిన ఐ-29 జలాంతర్గామే, సుమారు అయిదు నెలల తర్వాత, 1943 ఏప్రిల్ 28న, మడగాస్కర్ సమీప సముద్రంలో జర్మన్ జలాంతర్గామి యు-180ని కలిసింది. ఆ జర్మన్ జలాంతర్గామి నుంచి అల్లకల్లోలంగా ఉన్న సముద్రంలో రబ్బరు తెప్ప మీద ఇద్దరు భారతీయులు ఐ-29లోకి మారారు. ఒకరు నేతాజీ సుభాష్ చంద్ర బోసు. రెండవవారు హైదరాబాదు బిడ్డ ఆబిద్ హసన్ సఫ్రానీ. జర్మనీలో ఇంజనీరింగు చదువు పక్కన పెట్టి నేతాజీ వెంట నడిచిన యువకుడు. జై హింద్ నినాదాన్ని రూపొందించినవారిగా దేశం గుర్తుంచుకున్న మనిషి. వారిద్దరినీ ఐ-29 మే 6న సుమత్రా చేరువలోని సబాంగ్ దీవికి చేర్చింది. స్వాతంత్ర్యానంతరం ఆబిద్ హసన్ సాహెబు భారత విదేశాంగ సేవలో పనిచేసి, హైదరాబాదులోనే 1984లో కన్నుమూశారు.

ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే మనసు కలత చెందుతుంది. 280 మందిని పొట్టన పెట్టుకున్న ఇనుప గొట్టమే మన దేశ విమోచన కోసం బయలుదేరినవారిని మోసుకుపోయింది. నేతాజీ, ఆబిద్ హసన్ ప్రయాణిస్తూ ఉండగానే యు-180 ఏప్రిల్ 18న కోర్బిస్ అనే బ్రిటిష్ చమురు ఓడను ముంచింది. ఇందులో ఎవరిని తప్పుపట్టడానికీ మేము ఈ సంగతి ఎత్తలేదు. సామ్రాజ్యాలు తమ యుద్ధాన్ని మన సముద్రంలో చేసుకున్నాయి. మనవారు కొందరు ఒక సామ్రాజ్యపు ఓడలో బొగ్గు విసిరారు, మనవారే కొందరు ఆ సామ్రాజ్యాన్ని పడగొట్టడానికి దాని శత్రువు పడవ ఎక్కారు. ఇద్దరూ మనవారే. ఒకరిది పూట గడవడం కోసం చేసిన సాహసం, మరొకరిది దేశం కోసం చేసిన సాహసం. ఆబిద్ హసన్ పేరును చరిత్ర దాచుకుంది, అందుకు సంతోషించాలి. కానీ అయిదు నెలల ముందు అదే జలాంతర్గామి వల్ల నీళ్లపాలైన ఖలాసీ పేరు ఎవరు దాచుకున్నారు? ముస్లింలు ఈ దేశానికి ఏమిచ్చారని ప్రశ్నించేవారికి జవాబు చెప్పేటప్పుడు మనం ఆబిద్ హసన్‌ను చూపుతాము. చూపవలసిందే. ఆ ఖలాసీని కూడా చూపగలగాలి. నాయకుల పేర్లు చెప్పి సామాన్యుల పేర్లు మరచిన జాతికి చరిత్ర సగమే ఉంటుంది. ఆ జలాంతర్గామి కథ కూడా నీళ్లలోనే ముగిసింది. 1944 జులై 26న అమెరికన్ జలాంతర్గామి సాఫిష్ దానిని ముంచివేసింది.

తిలావా ఒంటరి ఉదాహరణ కాదు. మన సముదాయానికి మరింత దగ్గరి ఉదాహరణ ఎల్ మదీనా. సింధియా కంపెనీ 1937లో హజ్ యాత్రికుల కోసం తెచ్చిన ఓడ అది. లబ్బైక్ పలుకుతూ జిద్దా చేరవలసిన ఓడను యుద్ధం సైనికుల రవాణాకు మళ్లించింది. 1944 మార్చి 16న, కలకత్తా నుంచి చిట్టగాంగ్ వెళ్తుండగా, బంగాళాఖాతంలో జపాన్ జలాంతర్గామి ఆర్.ఓ.-111 దానిని ముంచింది. సుమారు 380 మంది ప్రాణాలు పోయాయి. దాని జంట ఓడ ఎల్ హింద్, నెల తిరక్కుండానే, ఏప్రిల్ 14న బొంబాయి రేవులో జరిగిన మహా విస్ఫోటనంలో కాలిపోయింది. హాజీలను మోసిన రెండు ఓడలు నెల రోజుల వ్యవధిలో యుద్ధానికి ఆహుతయ్యాయి. ఈ సంగతి మన హజ్ శిక్షణా శిబిరాలలో ఎవరైనా చెబుతున్నారా?

ఇక వెండి సంగతి. డెబ్బై అయిదు సంవత్సరాలు ఆ 2,364 దిమ్మెలు రెండున్నర కిలోమీటర్ల లోతున పడి ఉన్నాయి. 2017లో అర్జెంటమ్ ఎక్స్‌ప్లొరేషన్ అనే బ్రిటిష్ కంపెనీ వాటిని పైకి తీసి, ఇంగ్లండుకు తీసుకుపోయి, అక్కడి అధికారికి అప్పగించింది. మునిగిన ఓడ నుంచి సరుకు కాపాడినవారికి ప్రతిఫలం దక్కాలన్నది సముద్ర న్యాయం. ఆ ప్రతిఫలం ఇవ్వండని కంపెనీ అడిగింది. వెండి మాది, మేము ప్రభుత్వం, మీ న్యాయస్థానంలో మా సొత్తుపై దావా చెల్లదని దక్షిణాఫ్రికా వాదించింది. వివాదమంతా ఒక ప్రశ్న చుట్టూ తిరిగింది. ఓడ మునిగిన క్షణంలో ఆ వెండి వ్యాపార అవసరం కోసం వాడుకలో ఉన్నదా, లేదా? 2020లో హైకోర్టు, 2022లో అప్పీలు కోర్టు కంపెనీ పక్షాన తీర్పు చెప్పాయి. 2024 మే 8న బ్రిటన్ సుప్రీంకోర్టు ఆ తీర్పులను తిరగరాసింది. ఓడ అరలో ఊరికే పడివున్న వెండి దేనికీ వాడుకలో లేనట్టే, కనుక దక్షిణాఫ్రికాకు రక్షణ ఉన్నదని తేల్చింది. అప్పటికే ఉభయపక్షాలూ రాజీకి వచ్చాయి. అయినా సూత్రం ముఖ్యమైనదని న్యాయమూర్తులు తీర్పు వెలువరించారు.

మేము ఆ తీర్పును విమర్శించడం లేదు. చట్టం తన పని తాను చేసింది. మాకు ఆశ్చర్యం కలిగించింది వేరు. మునిగిన క్షణంలో ఆ వెండి ఏ స్థితిలో ఉన్నదో మూడు న్యాయస్థానాలు పరిశీలించాయి. మునిగిన క్షణంలో ఆ 28 మంది సిబ్బంది ఏ స్థితిలో ఉన్నారో, ఎవరు బాయిలర్ దగ్గర, ఎవరు పడవల తాళ్ల దగ్గర ఉన్నారో ఏ న్యాయస్థానమూ అడగలేదు. అడగమని కోరినవారూ లేరు. వెండికి కాగితం ఉంది. కొన్నవారి పేరు, అమ్మినవారి పేరు, దిమ్మెల సంఖ్య, చేరవలసిన చోటు అన్నీ రాతపూర్వకంగా ఉన్నాయి. అందుకే ఎనభై ఏళ్ల తర్వాత కూడా అది తన యజమానిని వెతుక్కుంటూ వెళ్లగలిగింది. కాగితం ఉన్న సొత్తు సముద్రం అడుగు నుంచి కూడా తిరిగి వస్తుంది. కాగితం లేని మనిషి తన ఊళ్లోనే తప్పిపోతాడు.

పవిత్ర ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు దేని గురించో మీకు తెలుసు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోండి, సాక్షులను పెట్టుకోండి, చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించకండి అన్నది దాని ఆదేశం. నాలుగు దిర్హముల అప్పు విషయంలోనే అంత జాగ్రత్త చెప్పిన ధర్మం మనది. ప్రాణాల విషయంలో మనం ఎంత రాసి ఉండాలి? నీట మునిగి మరణించినవారికి షహీదుల దర్జా ఉన్నదని ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పిన హదీసు మన పిల్లలకు కూడా తెలుసు. అల్లాహ్ వద్ద వారి పేర్లు భద్రంగా ఉన్నాయి. ఆయన రిజిస్టరులో కొట్టివేతలు ఉండవు. మన రిజిస్టరు మాటే మనం ఆలోచించుకోవలసింది.

పేరు నమోదు కాకపోతే ఏమవుతుందో ఒక్క ఉదాహరణ. ఓడ మునిగింది, శవం దొరకలేదు. ఊళ్లో ఉన్న భార్య సుహాగినా, విధవా? ఇద్దత్ ఎప్పుడు మొదలుపెట్టాలి? భర్త వాటా పొలం ఎవరికి చెందుతుంది? ఆనాటి సాక్ష్య చట్టం 108వ సెక్షన్ ప్రకారం ఏడేళ్లపాటు ఏ కబురూ లేని మనిషిని మరణించినట్టు భావించేవారు. భర్త ఆచూకీ నాలుగేళ్లు తెలియకపోతే భార్య విడాకులు కోరవచ్చని 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం చెబుతుంది. ఆ చట్టం వచ్చిన సంవత్సరమే యుద్ధం మొదలైంది. చట్టాలు ఉన్నాయి. కానీ కోర్టుకు పోవడానికి డబ్బు, చదువు, తోడు కావాలి. సిబ్బంది పట్టీలో పేరు సరిగా ఉన్న ఖలాసీ భార్యకు ఒక కాగితం వచ్చేది, పరిహారం అడగడానికి దారి ఉండేది. పేరు తప్పుగా పడితే ఆమె ఏళ్ల తరబడి గుమ్మం వైపు చూస్తూ కూర్చోవలసిందే. ఒక అక్షరం తేడా ఒక స్త్రీ జీవితాన్ని ఎంత దూరం తోసివేయగలదో పింఛను ఫైళ్లు చూసిన మాకు తెలియనిది కాదు. షేక్ అన్న మాట ఒక కాగితంలో పేరుకు ముందు, మరో కాగితంలో వెనుక, మూడో దానిలో రెండు పొడి అక్షరాలుగా ఉంటే, ముగ్గురూ ఒక్కరేనని నిరూపించుకోవడానికి ఆ కుటుంబం కాళ్లరిగేలా తిరగాలి. ఈనాడు జాబితాల పరిశీలనలు జరిగినప్పుడల్లా మన ఇళ్లలో పుట్టే ఆందోళనకు మూలం ఇదే.

స్మారకాల సంగతి చూడండి. లండన్‌లోని టవర్ హిల్ వద్ద వర్తక నావికుల స్మారకం ఉంది. రెండవ యుద్ధంలో సముద్రంలోనే సమాధి అయిన దాదాపు 24,000 మంది పేర్లు అక్కడ కంచు ఫలకాలపై ఉన్నాయి. అదే ఓడల్లో, అదే టార్పెడోలకు బలైన భారతీయ ఖలాసీలకు ఆ గోడలో చోటు కల్పించలేదు. వారి పేర్లను ఒక పుస్తకంలోకి ఎక్కించి ముంబయి, చిట్టగాంగ్ స్మారకాలుగా పేర్కొన్నారు. దాదాపు 6,000 మంది వర్తక నావికుల పేర్లు, 400 మందికి పైగా నౌకాదళ సైనికుల పేర్లు ఆ పుస్తకంలో ఉన్నాయి. వారికి కంచు, వీరికి కాగితం. ఆ కాగితమైనా ఉన్నందుకు మెచ్చుకోవాలి. కలకత్తాలో హుగ్లీ ఒడ్డున 1924లో ఆవిష్కరించిన లాస్కర్ స్మారక స్తంభం మొదటి యుద్ధంలో మరణించిన బెంగాల్, అస్సాం నావికులు 896 మంది కోసం నిలిచింది. ఎందరు కలకత్తా వెళ్లినా దానిని చూసివచ్చినవారు అరుదు.

తిలావా ప్రయాణికులు సైనికులు కారు, నావికులు కారు. వారికి ఆ పుస్తకంలో కూడా చోటు లేదు. వారి స్మృతిని నిలిపింది ప్రభుత్వాలు కాదు, కుటుంబాలు. మృతుల వారసులు దేశదేశాల నుంచి ఒకరినొకరు వెతుక్కుని, ఉత్తరాలు, ఛాయాచిత్రాలు పోగుచేసి, 2022 నవంబరు 23న, ఎనభై ఏళ్లు నిండిన రోజున ముంబయిలో మొదటిసారిగా స్మారక సభ జరిపారు. పసితనంలో ఆ ఓడ నుంచి బ్రతికి బయటపడినవారు కూడా అందులో పాల్గొన్నారు. ఆ సభలో మతభేదం లేదు. గుజరాతీ వర్తక కుటుంబాలకు చదువు ఉంది, విదేశాలలో స్థిరపడిన సంతానం ఉంది, కనుక వారు చేయగలిగారు. బాయిలర్ గదిలో మరణించిన ఖలాసీ మనవడు ఎక్కడో కూలిపని చేసుకుంటూ ఉండవచ్చు. తన తాత పేరు ఒక పుస్తకంలో ఉన్నదని అతనికి చెప్పేవారు లేరు. ఆ చెప్పే పని మనది.

అడిగితే ఫలితం ఉంటుందా అని సందేహించకండి. మొదటి ప్రపంచయుద్ధంలో మరణించిన ఆసియా, ఆఫ్రికా సైనికులలో వేలాదిమందిని సమానంగా స్మరించలేదని, కొందరి పేర్లు అసలే నమోదు కాలేదని కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ 2021 ఏప్రిల్‌లో తన నివేదికలో స్వయంగా అంగీకరించి క్షమాపణ చెప్పింది. బ్రిటన్ రక్షణ మంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. నూరేళ్ల తర్వాతనైనా చెప్పారు. అడిగినవారు ఉన్నారు కనుక చెప్పారు.

అందుచేత ఈ సభ ముందు కొన్ని ప్రతిపాదనలు ఉంచుతున్నాము.

మొదటిది, ప్రతి మసీదు కమిటీ తన మహల్లాలోని కుటుంబాలను ఒకసారి విచారించాలి. తాత, ముత్తాతలలో ఎవరైనా ఓడల్లో, రేవుల్లో, సైన్యంలో, రైల్వేలో పనిచేశారా? పనిచేస్తే పేరు, తండ్రి పేరు, ఊరు, సంవత్సరం ఒక నోటుపుస్తకంలో రాయాలి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉన్నవారు ఈ పనికి ముందుండాలి. తొంభై ఏళ్ల దాదీలు, నానీలు ఇంకా ఉన్న ఇళ్లకు ముందుగా వెళ్లండి. వారి జ్ఞాపకమే మన రికార్డు గది, దానికి తాళం పడే రోజు దూరంలో లేదు.

రెండవది, పెట్టెల అడుగున పడివున్న నావికుని సర్వీసు పుస్తకాలు, పతకాలు, మనియార్డరు రసీదులు, పాత ఉత్తరాలు పారేయవద్దు. చిత్తుకాగితాలవాడికి అమ్మవద్దు. ఫోటో తీసి పిల్లల చేత భద్రపరిపించండి. ఉర్దూలో ఉంటే చదవగలవారి చేత తెలుగులో రాయించండి.

మూడవది, కమిషన్‌వారి జాబితాలో పేర్లు వెతకడానికి ఎవరైనా వీలు చేసుకోవచ్చు, రుసుము లేదు. మన చదువుకున్న యువతీ యువకులు వారానికి ఒక గంట దీనికి కేటాయించాలి. ఆంగ్ల అక్షరాలలో మన పేర్లు ఎన్ని వంకరలు పోయాయో గుర్తుంచుకుని వెతకాలి. పేరు లేకపోతే ఆధారాలతో చేర్చమని అడగాలి.

నాలుగవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, బ్రతికున్నవారి కాగితాలు. మృతుల పేర్లు వెతుకుతూ మన ఇంట్లో పుట్టిన బిడ్డ జనన నమోదు మరచిపోతే ఈ ప్రసంగమంతా వృథా. జననం, వివాహం, మరణం సకాలంలో నమోదు చేయించండి. అన్ని కాగితాలలో పేరు ఒకే రకంగా ఉండేలా చూడండి. గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లే పిల్లలు మన జిల్లాల నుంచి వేలల్లో ఉన్నారు. వారు ఈనాటి ఖలాసీలు. వెళ్లేముందు కంపెనీ పేరు, పని ఒప్పందం, పాస్‌పోర్టు నకలు ఇంట్లో ఉంచి వెళ్లమనండి. ఏదైనా జరగరానిది జరిగితే భార్యాపిల్లలు దేనిని పట్టుకుని అడగాలి?

అయిదవది, నవంబరు 23న ఈ సంగతిని మన పాఠశాలల్లో, మదరసాలలో చెప్పించండి. హిందువులు, సిక్కులు, ముస్లింలు కలిసి మునిగిన ఓడ అది. వారిని వేరుచేసి స్మరించడం మనకు తగదు. అందరి పేరా తలచుకుందాము. అందులో మనవారి వాటా ఎంతో కూడా తెలుసుకుందాము. ఇతరుల త్యాగాన్ని తగ్గించకుండా మన త్యాగాన్ని చెప్పుకోవడంలో తప్పు లేదు.

డంకన్ తుదిదాకా సంకేతాలు పంపినందువల్లనే 678 మంది ఒడ్డు చేరారు. ఆయన పేరు నిలిచింది, నిలవడం న్యాయం. ఆ వైర్‌లెస్ పనిచేసే వరకు విద్యుత్తు అందేలా కింద యంత్రాల దగ్గర నిలబడినవారు ఎవరు? పడవలను తాళ్లతో దించినవారు ఎవరు? వారి పేర్లు కూడా తెలిసిన నాడు ఆ రాత్రి కథ పూర్తవుతుంది. వెండిని పైకి తీయడానికి పెద్ద ఓడలు, కోట్ల రూపాయలు కావలసి వచ్చాయి. పేర్లను పైకి తీయడానికి ఒక నోటుపుస్తకం, ఒక కలం, నలుగురి ఓపిక చాలు.

సముద్రాలలో, ఎడారులలో, పరాయి రేవులలో కన్నుమూసిన మన పెద్దలందరికీ అల్లాహ్ మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక. ఆ నాటి ప్రయాణికులందరి కుటుంబాలకు శాంతి కలుగుగాక.  వ ఆఖిరు దావానా అనిల్ హమ్దు లిల్లాహి రబ్బిల్ ఆలమీన్.